టమాటా పండునకు పడిన నీలాపనింద



నేడు నేను చెప్పబోవునది రాజుల చరిత్ర కాదు, యుద్ధముల చరిత్ర కాదు. మీ పెరటిలోను, మీ వంటయింటి బుట్టలోను ఉండు ఒక చిన్న పండు చరిత్ర.

నేను పుట్టినది విజయనగర ప్రాంతమున ఒక పల్లెయందు. నా చిన్ననాట, అనగా 1960వ దశాబ్దము చివర, మా యింట టమాటా వంటయింటి గడప దాటెడిది కాదు. నూతి ప్రక్కన తనంతట మొలచిన మొక్క యొకటి యుండెడిది. దాని పండ్లు ఎఱ్ఱగా పండి, నేలరాలి, కాకుల పాలగుచుండెను. ఒకనాడు నేను దొంగతనముగా ఒక పండు కొఱికి, చొక్కాపై రసము కార్చుకొని పట్టుపడితిని. మా మామ్మగారు, "అయ్యో, అది ములగజాతిరా!" అని గుండెలు బాదుకొని, నాచేత చెంబెడు మజ్జిగ త్రాగించి, ప్రొద్దు గ్రుంకువఱకు నా మొగము చూచుచు కూర్చున్నది. నాకేమియు కాలేదు. మా తండ్రిగారు పండితులు. వారు కోపపడలేదు గాని, "శాస్త్రములో పేరు లేని పండు, మనకేల?" అని మాత్రము అనిరి.

శాస్త్రములో పేరు లేదన్న మాట నిజమే. చరకునిలో లేదు, సుశ్రుతునిలో లేదు. రక్తఫలము వంటి పేర్లు నేడు కొందఱు వాడుచున్నారు గాని అవి నిన్న మొన్నటి కల్పనలు. మన జనులు పెట్టిన పేర్లే దాని చరిత్రను సరిగా చెప్పుచున్నవి. మా ప్రక్కను దీనిని రామములగ యందురు. ఇది కూరలో వేయు మునగ కాదు. నేలములక, వాకుడు మొదలగు ముండ్లమొక్కలను మనవారు పూర్వమునుండి యెఱుగుదురు. వాని పువ్వును, వంగపువ్వును, ఈ క్రొత్త మొక్క పువ్వును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. రంగులు వేఱైనను అయిదు కొనలు గల చుక్కవంటి ఆకారము ఒక్కటే. ఆ పోలిక కనిపెట్టియే కాబోలు ములగ యనిరి. రామశబ్దమును ముందు చేర్చి మన్నించిరి. మనవారికి ఇదియొక అలవాటు. సీతాఫలము, రామాఫలము అను పేర్లు విని అవి దండకారణ్యమున పుట్టినవని తలంతుము. అవియు అమెరికాఖండమునుండి వచ్చినవే. చిత్తూరు ప్రక్కను వినబడు తక్కాళి యన్నది అరవపు మాట. వంగదేశీయులు చాలకాలము దీనిని విలాయతి వంకాయ యని పిలిచిరి. ఇక టమాటా అను శబ్దమున్నదే, అది పండుతో పాటు సముద్రములు దాటి వచ్చినది.

దీని పుట్టినిల్లు దక్షిణామెరికా పడమటి తీరమునగల ఆండీసు పర్వతప్రాంతము. నేటి పెరూ, ఈక్వడారు దేశములు. అక్కడ నేటికిని అడవిటమాటా కలదు. దాని పండ్లు మన కామంచిపండుకన్న కొంచెము పెద్దవి, గుత్తులుగా కాయును. అది యెట్లో ఉత్తరమునకు ప్రాకి మెక్సికో చేరినది. దానిని పెంచి, పెద్ద కాయలను ఏరి, మరల విత్తి, నేటి రూపునకు తెచ్చిన కాపులు ఆ దేశపువారు. వారి భాషలో తొమాత్ల్ అను మాటకు ఉబ్బిన పండు అని అర్థము చెప్పుదురు.

స్పెయిన్ దేశపు సేనాని కోర్టెజు 1519లో ఆ దేశమున దిగి, 1521లో వారి రాజధానియగు తెనోచ్‌తిత్లాన్ నగరమును పట్టుకొనెను. ఆ వెనుక వెళ్లిన మతగురువులలో బెర్నార్డినో దె సహాగూన్ అను నతడొకడు. అతడు ఆ జనుల ఆచారములను వారి నోటనే విని వ్రాసికొన్నాడు. అందు సంతలో టమాటాలమ్మువారి ప్రస్తావన కలదు. పెద్దవి, చిన్నవి, ఎఱ్ఱనివి, పసుపుపచ్చనివి వేర్వేరుగా పోసి అమ్ముట, మంచి వర్తకుని లక్షణము, చెడ్డ వర్తకుడు నలిగినవియు క్రుళ్లినవియు అంటగట్టుట, అన్నియు వ్రాసినాడు. అక్కడివారు దీనిని మిరపకాయతో నూఱి తినెడివారు. మన రోటిపచ్చడికి ఇంతకన్న దగ్గఱ చుట్టము వేఱొకటి కలదా? మిరపకాయయు ఆ ఖండపుదే యని మరువకుడు.

అక్కడనుండి పండు ఐరోపా చేరినది. 1544లో మత్తియోలి అను ఇటలీ వైద్యుడు తన గ్రంథమున దీనిని వంకాయలో మఱియొక జాతిగా పేర్కొని, నూనె, ఉప్పు, మిరియములతో తిందురని వ్రాసెను. అనగా వంగదేశీయులకు తోచిన పోలికయే ఆ వైద్యునికిని తోచినది. 1548 అక్టోబరులో పీసా నగరమున నున్న మెదిచి ప్రభువునకు తోటనుండి ఒక బుట్టెడు పండ్లు వచ్చెను. అవి క్షేమముగా చేరినవని దివాణపు ఉద్యోగి వ్రాసిన జాబు నేటికిని నిలిచియున్నది. ఆ జాబులో దీని పేరు బంగారుపండు. మొదట వెళ్లిన వానిలో పసుపుపచ్చని జాతి యుండుటచే ఆ పేరు వచ్చియుండును.

పేరు బంగారమైనను గౌరవము మాత్రము దక్కలేదు. మత్తియోలి దీనిని ప్రస్తావించిన చోటు మందగొర యను విషమూలిక ప్రకరణము. ఈ మొక్క కుటుంబము నిజముగా వింతయైనది. వంకాయ, మిరప, ఉర్లగడ్డ ఒకవైపు. పొగాకు, ఉమ్మెత్త, ఐరోపావారు భయపడు బెల్లడోనా మఱియొకవైపు. ఒక కడుపున పుట్టినవారిలో అన్నము పెట్టువారును విషము పెట్టువారును ఉన్నారు. చూచినవారు విషపు చుట్టములను చూచిరి గాని పండును చూడలేదు. పాలలో చంద్రబింబమును చూచిన పాపమునకు శ్రీకృష్ణునిపై శమంతకమణి నింద పడినట్లు, చుట్టరికపు పాపమునకు టమాటాపై విషపు నింద పడినది. 1597లో జెరార్డు అను ఆంగ్లేయుడు తన మూలికల గ్రంథమున, మొక్కయంతయు దుర్గంధమనియు, పండువలన శరీరమునకు పుష్టి లేదనియు వ్రాసెను. అతడు దానిని తన తోటలోనే పెంచెను. స్పెయిన్‌వారు తినుచున్నారనియు తానే వ్రాసెను. కంటి యెదుట తినుచు బ్రతికియున్నవారుండగా వాసననుబట్టి తీర్పు చెప్పుట ఏమి న్యాయమో!

శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిను పేరు వినుడు. అందలి లైకోపెర్సికము అను మాటకు అర్థము తోడేలుపండు. 1753లో లిన్నేయసు దీనిని వంకాయ వర్గముననే చేర్చెను. మిల్లరు అను తోటల పండితుడు వేఱుచేసి, తినదగిన తోడేలుపండు అని పేరు మార్చెను. ఆ తినదగిన అను విశేషణమున ఎంత సంజాయిషీ యున్నదో చూడుడు! ఇటీవల జన్యువులను పరీక్షించి మరల వంకాయ వర్గముననే చేర్చినారు. 2012లో భారతీయులును పాల్గొన్న శాస్త్రజ్ఞుల బృందము దీని జన్యుక్రమమంతయు చదివి ప్రకటించినది.

ఇటలీ, స్పెయిన్‌లలోని సామాన్యజనులు ఈ వాదములకు ఆగలేదు. 1690వ దశాబ్దమున నేపుల్సు నగరమున అచ్చైన లతీని పాకశాస్త్రమున టమాటా రసాయనము, అనగా నంజుడుపచ్చడి, చేయు విధానము కనబడుచున్నది. ఇంగ్లండు, ఉత్తర అమెరికాలు చాల ఆలస్యముగా కన్ను తెఱచినవి. అమెరికాలో జాన్సను అను పెద్దమనిషి 1820లో న్యాయస్థానపు మెట్లపై నిలిచి, జనులు చూచుచుండగా బుట్టెడు పండ్లు తిని భయము పోగొట్టెనని కథ చెప్పుదురు. వినుటకు సొంపుగా నుండును గాని ఆనాటి వ్రాతలలో ఆధారము లేదు. నేను పాఠశాలలో ఈ కథను కొన్నియేండ్లు నిజమని చెప్పితిని. పిల్లలు మరచియుందురని ఆశించుచున్నాను. సీసము కలిసిన పళ్లెములలో ఈ పులుపు తిని ధనవంతులు చచ్చిరను కథయు నాకు నమ్మదగినదిగా తోపదు. అందు గ్రహింపదగిన దొక్కటే: పులుపునకును లోహమునకును పడదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపులుసు కాచగూడదని మన ఆడువారు ఎఱిగినదే. టమాటాకును అదియే నియమము.

న్యాయస్థానము మాట వచ్చినది గావున నిజముగా జరిగిన వ్యాజ్యము నొకటి చెప్పెదను. 1883 నాటి అమెరికా చట్టముచే దిగుమతియగు కూరగాయలపై నూటికి పది వంతున సుంకము కలదు, పండ్లపై లేదు. నిక్సు అను న్యూయార్కు వర్తకుడు, టమాటా పండేగాని కూరగాయ కాదు, నా సుంకము నాకిండని అక్కడి సుంకపు అధికారి హెడ్డెనుపై వ్యాజ్యము వేసెను. ఉభయపక్షముల న్యాయవాదులును నిఘంటువులు తెచ్చి చదివిరి. ఒకరు వంకాయ, దోస, మిరప అను పదముల అర్థములు చదువగా, రెండవవారు ఉర్లగడ్డ, క్యాబేజీ, చిక్కుడు అను పదముల అర్థములు చదివిరట. 1893 మే 10వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. వృక్షశాస్త్రమునుబట్టి ఇది పండే. కాని లోకవ్యవహారమున భోజనముతో వండి తిందురు గాని భోజనానంతరము ఫలహారముగా తినరు. కావున కూరగాయయే యని నిర్ణయించిరి. యోగార్థముకన్న రూఢ్యర్థము బలవత్తరమని మన శాస్త్రములు చెప్పు న్యాయమే ఇది. పంకమున పుట్టినదంతయు పంకజము కాదు, తామరయే పంకజము. ఆ న్యాయమూర్తికి తర్కశాస్త్రము తెలియదు గాని తీర్పు మాత్రము సరిగా చెప్పినాడు.

ఇక మన దేశము. పోర్చుగీసు ఓడలు పదునాఱవ శతాబ్దమున పడమటి రేవులకు అమెరికా పంటలను తెచ్చినవి. మిరప, జామ, జీడిమామిడి, బొప్పాయి ఆ త్రోవనే వచ్చి మనలో కలిసిపోయినవి. టమాటాయు ఆ ఓడలతోనే వచ్చినదని తలంతురు. కాని మూడువందల యేండ్లు గడప వెలుపలనే నిలిచినది. 1889 మొదలు 1893 వఱకు వెలువడిన జార్జి వాట్ గారి భారతదేశ ఆర్థికద్రవ్యముల నిఘంటువున, ఇది ముఖ్యముగా దొరల కొఱకే పండింపబడుచున్నదనియు, దేశీయులు ఇప్పుడిప్పుడే రుచి తెలిసికొనుచున్నారనియు, వంగదేశీయులును బర్మావారును పులుసుకూరలలో వాడుదురనియు ఉన్నది.

తోబుట్టువులలో మిరప నెత్తికెక్కగా టమాటా వాకిట నేల నిలిచినది? నా తలంపు చెప్పెదను. మిరియములు ప్రియమైనవి, బీదవానికి అందనివి. మిరప పెరటిలో కాచినది. కావున ఆ పీట దానికి దొరికినది. పులుపు సంగతి అట్లు కాదు. మనకు చింతపండు కలదు, మామిడికాయ కలదు, గోంగూర కలదు, నిమ్మ, దబ్బ, ఉసిరి కలవు. ఆ పంక్తిలో ఖాళీ విస్తరి యెక్కడ? నేటికిని టమాటా ఊరగాయ పెట్టునపుడు ముక్కలకు ఉప్పు వేసి, ఎండబెట్టి, చింతపండు కలిపిగాని నిలువయుంచరు. క్రొత్తగా వచ్చినవాడు పాతకాపునకు ఇంకను కౌలు చెల్లించుచున్నట్లున్నది! అట్టి టమాటా ఈనాడు మన దేశమున ఏటేట సుమారు 2 కోట్ల టన్నులు పండుచున్నది. చైనా ఒక్కటే మనకన్న మిన్న. మదనపల్లి సంత దేశమున పేరెన్నిక గన్నది. 2023 జూలై నెలలో అక్కడ కిలో వెల రెండువందల రూపాయలకు చేరువయ్యెను. రెండు నెలలు గడచులోపల కోత కూలికైన చాలని ధరకు పడిపోయెను. నిలువయుండని సరకు పండించు రైతు కష్టము వేఱొక ప్రసంగమునకు తగినది.

ఇక ఆరోగ్యమునకు దీనివలన ఏమి లాభమో విచారింతము. నూటికి తొంబదినాలుగు పాళ్లు నీరే. వంద గ్రాముల పండులో సి విటమిను సుమారు 15 నుండి 25 మిల్లీగ్రాములు, పొటాషియము అను లవణము 200 మిల్లీగ్రాములకు పైగా ఉండును. సి విటమినులో మన జామపండు దీనికి ఎన్నో రెట్లు మిన్న; అది యొప్పుకొనవలసినదే. అయినను జామపండు పప్పులో వేయము గదా. కందిపప్పునందును ఆకుకూరలందును గల ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. పులుపు పండ్లలోని సి విటమిను దానిని పట్టించును. కావున రక్తము చాలని ఆడువారికి టమాటాపప్పు మంచి భోజనము.

దీని ఎఱ్ఱదనమునకు కారణమైన ద్రవ్యమునకు లైకోపిన్ అని పేరు. తోడేలు అక్కడను విడువలేదు. పుచ్చకాయ ఎఱుపును అదియే. దేహమున పుట్టు కొన్ని దహనదోషములను ఇది అణచునందురు. దీని చిత్రమేమనగా, పచ్చిపండు తిన్నదానికన్న నూనెలో మగ్గించి తిన్నపుడు ఎక్కువగా ఒంటబట్టును. సి విటమిను వేడికి కొంత నశించును గాని ఇది వేడివలన విడివడును. పోపు పెట్టి మగ్గించు మన పద్ధతి శాస్త్రజ్ఞులు చెప్పకముందే సరియైనది. అంతమాత్రమున ఇది పుండ్లను, గుండెజబ్బులను మాన్పునని చాటువారి మాట నమ్మకుడు. టమాటా బాగుగా తినువారిలో కొన్ని వ్యాధులు తక్కువగా కనబడినవని కొన్ని పరిశీలనలు కలవు; పండే కారణమని ఇంకను రుజువు కాలేదు. ఆకులలోను లేత కాయలలోను టొమాటిన్ అను చేదు ద్రవ్యమున్నది. కాయ పండుకొలది అది తగ్గును. పచ్చికాయ పచ్చడివలన భయము లేదు. ఆకు మాత్రము కూరకు పనికిరాదు.

ఇపుడు మన పల్లెలలో జీవించియున్న నిందకు వచ్చెదను. టమాటా గింజలు మూత్రపిండములలో చేరి రాళ్లగునని, పాలకూరతో కలిపి తిన్నచో తప్పక రాళ్లు కట్టునని ఊరూర చెప్పుకొందురు. నేనును నమ్మితిని. పదియేండ్ల క్రిందట ఒక వేసవిలో నాకు నడుమునుండి పొత్తికడుపు వఱకు భరింపరాని నొప్పి వచ్చి, రాయి యున్నదని తేలెను. ఇంటికి రాగానే మా యింటివారు టమాటాలన్నియు పొరుగువారికి పంచిపెట్టిరి. రెండేండ్లు టమాటా ముట్టలేదు. మూడవ యేట మరల రాయి వచ్చెను. అపుడు వైద్యుడు నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: "మాస్టారూ, దినమునకు ఎన్ని చెంబుల నీళ్లు త్రాగుచున్నారు?" నేను లెక్కించి చూడగా రెండు చెంబులు దాటలేదు. బడిలో పాఠము మధ్య లేవకుండుటకై నీళ్లు మానుకొన్న అలవాటు ఉద్యోగము విడిచినను నన్ను విడువలేదు.

అతడు చెప్పిన వివరమిది. మనవారికి వచ్చు రాళ్లలో ఎక్కువ భాగము సున్నపు ధాతువును ఆక్సాలికామ్లమును కలిసి గట్టిపడినవి. గింజలు జీర్ణమార్గమున వచ్చి అట్లే వెలుపలకు పోవును. అవి మూత్రపిండమునకు చేరు దారియే లేదు. ఆక్సాలికామ్లము వంద గ్రాముల టమాటాలో కొలది మిల్లీగ్రాములు మాత్రమే. పాలకూరలో వందల మిల్లీగ్రాములు. తోటకూరలోను అధికమే. అనగా పాలకూర టమాటా కూరలో దోషమెవరిదో తెలిసినదా? ఒకరు దొంగిలింపగా ప్రక్కన నడచినవానికి సంకెలలు వేసితిమి. రాళ్లు వచ్చినవారు పాలకూరను తగ్గించి, మూత్రము తేటగా వచ్చునంత నీరు త్రాగవలెను. భోజనములో పెరుగు మానవలదు. దానిలోని సున్నము ఆక్సాలికామ్లమును ప్రేగులలోనే పట్టి వెలికి పంపును.

ఇది వినిన పిమ్మట సుశ్రుతుని తీసి చూచితిని. అశ్మరి యను పేర ఈ వ్యాధి లక్షణములు, శస్త్రముతో రాయిని తీయు విధానము అందు విపులముగా ఉన్నవి. టమాటా ఈ భూమికి రాకముందు ఎన్నో వందలయేండ్ల నాటి గ్రంథమది. పండు లేదు, రాయి మాత్రము ఉన్నది. శాస్త్రములో పేరు లేదని పండును వెలివేసిన మేము, రాయికి శాస్త్రములో పేరున్నదని చూడలేదు.

అయితే నింద తప్పయినంత మాత్రమున పండు అందఱికిని అమృతము కాదు. మా బావగారికి మూత్రపిండముల శక్తి క్షీణించెను. రక్తము పట్టునని ఎవరో చెప్పగా ప్రతి ఉదయము పెద్ద గ్లాసెడు టమాటారసము త్రాగిరి. నెల తిరుగకముందే కాళ్లు తేలిపోయి, గుండె లయ తప్పి ఆస్పత్రిలో చేరిరి. చెడిన మూత్రపిండములు పొటాషియమును వెలికి పంపలేవు. అది రక్తమున పేరుకొన్నచో గుండె ఆగును. వారు దైవకృపచే బ్రతికిరి. మా ప్రక్కను శ్రీకాకుళపు ఉద్దానమున ఈ జబ్బు ఎన్ని కుటుంబములను కూల్చుచున్నదో మీరెఱుగుదురు. దాని కారణము ఇంకను నిర్ధారణ కాలేదు. అట్టి రోగులు టమాటాయే కాదు, కొబ్బరినీరు, అరటిపండు కూడ వైద్యుడు చెప్పిన కొలతకు మించి తీసికొనరాదు. గుండెలలో మంట, పులిత్రేనుపులు గలవారు రాత్రిపూట టమాటాచారు మానుకొన్నచో సుఖపడుదురు. సీసాలలో అమ్ము టమాటా కెచప్పు సంగతి వేఱు. అందు ఉప్పును పంచదారయు మెండు. మనుమలు దానిని గరిటెలతో తినుచుండగా, టమాటాయే గదా యని ఊరకుండవలదు.

మా తండ్రిగారు ఎనుబదియవ యేట పండ్లూడి, నోరు రుచి తప్పి, అన్నము సహింపక చిక్కిపోయిరి. ఒకనాడు మా యింటివారు రామములగకాయలను నువ్వులనూనెలో మగ్గించి, పచ్చిమిరపకాయలతో నూఱి, పేరు చెప్పక విస్తట వడ్డించిరి. వారు రెండుమార్లు కలుపుకొనిరి. చేయి కడిగికొనుచు నన్ను చూచి, "నూతి ప్రక్కదేనా?" అని అడిగిరి. అవునంటిని. మఱునాడును కావలెననిరి.

వారి ఆబ్దికమునాడు మాత్రము మా యింట నేటికిని టమాటా వండరు. మిరపకాయయు వండరు, మిరియములే.